మోగని హారన్

బే సిటీ, మిషిగన్
2005 అక్టోబరు 9, ఆదివారం

నార్బ్‌కి,

రోజలీ రాస్తున్నది. ఇక్కడ నేను, అత్తయ్య ఆరోగ్యంగా ఉన్నాం. నీ పాంటియాక్ కారు మా ఇద్దరికంటే బాగుంది. నువ్వూ, నీ ఓడా, ఆ ఓడ కడుపులో నీ ఇంజనూ కులాసాగా ఉన్నారని అనుకుంటాను. నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఆరు రోజులు జవాబు రాయలేదు. కుట్టుపని ఎక్కువగా ఉందని చెప్పొచ్చు గానీ అది నిజం కాదు. ముందు నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. ఒకటి వదిలేసినా మళ్ళీ నాలుగు పేజీలు రాస్తావు.

అత్తయ్య మోకాలి సంగతి అడిగావు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. ఆవిడ మెట్లు మానలేదు, డాక్టరుని మానేసింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, చర్చిలో పియరోగీ కుడుముల అమ్మకానికి మొన్న గురువారం ఆరు గంటలు నిలబడి పిండి వత్తింది. కూర్చుని వత్తమని నేను కుర్చీ వేస్తే దాని మీద ఉల్లిపాయల గంప పెట్టింది. నీ గురించి అడిగింది. బాగున్నానని రాశాడు అన్నాను. ఉత్తరాల్లో వాడెప్పుడూ బాగానే ఉంటాడు అంది.

నేలమాళిగలోకి నీళ్ళు రాలేదు. ఫర్నేస్ ఫిల్టర్ మార్చాను. గరాజ్ కప్పు మీద నువ్వు పూసిన తారు నిలబడింది, ఒక్కచోట తప్ప. అక్కడ చుక్కలు పడుతున్నాయి. కింద బకెట్ పెట్టాను. నీకు చెప్పకూడదనుకున్నాను గానీ చెప్పేశాను. పడవలవాళ్ళ సీట్లు కుట్టే పని ఈ ఏటికి అయిపోయింది. ఆఖరున వచ్చిన పడవ సీట్లో ఎలుక పిల్లాపాపలతో కాపురం పెట్టింది. దాన్ని ఖాళీ చేయించడానికి రెండు రోజులు పట్టింది.

ఇక కారు సంగతి.

ఆగస్టులో సెలవు అయిపోయి వెళ్తూ నువ్వు ఫ్రిజ్‌కి అంటించిన కాగితం ఇంకా అక్కడే ఉంది. లోపల మొత్తం కొత్తగా కుట్టాలి, నల్ల వినైల్. డాష్‌బోర్డ్ మీద రంపం పెట్టకూడదు, దాని కింద రెండు గీతలు. తలుపుల్లో రెండు స్పీకర్లు, వెనక రెండు, డిక్కీలో పన్నెండంగుళాలవి రెండు, ఎంత పెద్ద ఆంప్లిఫయర్ పడితే అంత. ఆ ఆఖరి ముక్క కింద మూడు గీతలు. పాత స్పీకర్లు ముద్దముద్దగా పలుకుతున్నాయనీ పాటలో మాట తెలియడం లేదనీ నువ్వు మూడేళ్ళుగా అంటున్నావు. ఈ మూడేళ్ళలో రెండుసార్లు స్పీకర్లు మార్చావు. కొత్తవి కూడా వారం తిరగకుండా ముద్దగా పలికాయి.

డాష్‌బోర్డ్ కొయ్యలేదు. నిశ్చింతగా ఉండు. అరవై ఎనిమిదిలో ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. డాష్ కోసిన కారుని మన ఆగస్టు పాతకార్ల మేళాలో ముసలాళ్ళు ఎలా చూస్తారో నాకూ తెలుసు. కిటికీలోంచి వంగి ఒక్కసారి చూస్తారు, నిటారుగా లేస్తారు, కారు ఓనరుతో వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోతారు. పాత రేడియో మొహం దాని చోట అది ఉంది. పాటలు పాడే కొత్త రేడియో గ్లవ్ బాక్సులో దాక్కుంది. మీట తిప్పితే పాత మొహంలో దీపం కూడా వెలుగుతుంది. పని చేస్తున్నట్టు నటించడం దానికి బాగా వచ్చు.

ఆ పని పక్క ఊళ్ళో, సాగినాలో, రూడీ ఎస్కమియాకి ఇచ్చాను. నీకు పరిచయం లేదు. నేలకి జానెడు ఎత్తులో పాకుతూ వాళ్ళ పేటలో ఆదివారాలు ఊరేగే కార్లు ఉంటాయే, వాటిలో పాటల అమరిక సగం అతని చేతిదే. అంతకుముందు వాళ్ళ నాన్నది. నలభై అయిదేళ్ళుంటాయి. మాట తక్కువని చెప్పలేను గానీ పని చేసేటప్పుడు మాట్లాడడు. మన డాష్ చూసి చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. దీన్ని కోసేవాడితో నేను చెయ్యి కూడా కలపనండీ అన్నాడు. అక్కడే బేరం కుదిరింది.

తీగలు విప్పుతుంటే హారన్ గోల ఒకటి బయటపడింది. హారన్‌కి కరెంటు అందించే రిలే పాతబడి, స్టీరింగ్ కదిపినప్పుడల్లా హారన్ దానంతట అదే మోగుతోంది. రూడీ ఆ రిలే పీకేసి, చిన్న సంచిలో వేసి, దాని మీద నీ పేరు రాసి అరలో పెట్టాడు. కొత్తది ఈ నెల మూడో తారీఖున వచ్చింది. ఇప్పుడు బాగానే ఉంది.

రంగు విషయంలో నీ మాట వినలేదు. నల్లది అడిగావు. కంపెనీ వాళ్ళు ముందు ఇచ్చింది పాలమీగడ రంగు. నేను అదే వేశాను. జులైలో నల్ల వినైల్ మీద పొట్టి లాగుతో కూర్చున్నవాడికి తొడలు ఎలా ఊడొస్తాయో నువ్వు ఒక్కసారి చూశావు, నేను అలాంటివాళ్ళ సీట్లు ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. మడతలు పాత పద్ధతిలోనే కుట్టాను, రెండు వేళ్ళ వెడల్పు, లోపల స్పంజి బదులు నూలు దూది. కార్పెట్ ముదురు గోధుమ. పైకప్పు గుడ్డ ఒక్క ముడత లేకుండా వచ్చింది. దానికోసం రెండు రోజులు మెడ ఎత్తి నిలబడ్డాను. మూడో రోజు అత్తయ్య పలకరిస్తే ఒళ్ళంతా తిరిగి చూడాల్సి వచ్చింది.

డ్రైవర్ సీటు గురించి కొంచెం వివరంగా రాయాలి.

సీటు కవరు విప్పితే మనిషి సగం తెలిసిపోతాడు, నీకు ఎన్నోసార్లు చెప్పాను. పర్సు ఏ జేబులో పెడతాడో, ఏ కాలు నొప్పో, కిటికీ మీద మోచెయ్యి ఆనించే రకమో కాదో అన్నీ తెలుస్తాయి. మనవాళ్ళందరికీ ఎడమ పక్క అరుగుతుంది, డ్రైవరు తలుపు అటే, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రాసుకునేది అటే కాబట్టి. నీ సీటు ఎడమ పక్క కొత్తదానిలా ఉంది. కుడి పక్క ఎత్తుగా ఉండే గట్టు మాత్రం నలిగి పొడి అయిపోయింది, కింద స్ప్రింగు వంగి గోనెగుడ్డని చీల్చింది. ఆ కవరు ఎనభై తొమ్మిదిలో నేనే కుట్టాను. అంటే పదహారేళ్ళుగా నువ్వు కుడి వైపు ఒరిగి కారు నడుపుతున్నావు. కుడి వైపు ఉండేది నేను.

మా అక్క ఒకసారి మనతో ఫ్లింట్ దాకా వచ్చి, దిగాక నాతో ఏమందో నీకు చెప్పలేదు. ఇన్నేళ్ళయినా మీ ఆయన నీ మీదకి ఒరిగే కూర్చుంటాడే, మా వాడు నా పక్కన సీటు ఉందనే మర్చిపోతాడు అంది. ఆ మాట దాచుకున్నాను. అందుకే ఆ నలిగిన గట్టు చూసినప్పుడు సంతోషం వేసింది. దాన్ని పారెయ్యకుండా బల్ల మీద ఒక పక్కన పెట్టాను.

సీటు కింద దొరికినవి కూడా రాస్తాను. రెండు పెన్సిళ్ళు, ఒక రెంచి, నువ్వు నేను దొంగిలించానన్న నీ పాత కళ్ళద్దాలు, పసుపు రంగు చెవి బిరడాలు. ఓడలో ఇంజను గది వాళ్ళకి కంపెనీ ఇస్తుందే, అవి. పదకొండు జతలు. పదకొండూ కవరు విప్పనివి.

సెప్టెంబరు రెండో వారంలో రూడీ ఫోన్ చేసి, ఒకసారి వచ్చి చూడమన్నాడు. వెళ్ళాను. డాష్ కింద బిగించిన పాత క్యాసెట్ రేడియో ఇంకా విప్పలేదు. నన్ను పక్క సీటు చోట ఒక స్టూలు మీద కూర్చోబెట్టి తను నీ చోట కూర్చున్నాడు.

"రోజలీ గారూ, ఈ కారు మీరు నడుపుతారా, మీ ఆయనా?"

మా ఆయనే అన్నాను.

"ఆయనకి ఎడమ చెవి పోయి ఎన్నేళ్ళయింది?"

ఏం చూసి అంటున్నావని అడిగాను. రూడీ రేడియో మీటలు చూపించాడు. సన్న శబ్దాన్ని పెంచే మీట చివరిదాకా తిప్పి ఉంది. బరువు శబ్దం మీట మొదట్లోనే ఉంది. కుడి ఎడమలు సర్దే మీట పూర్తిగా కుడికి తిప్పి, జారకుండా అగ్గిపుల్ల ముక్క దోపి ఉంది. ఎడమ స్పీకరు ఎన్నో ఏళ్ళుగా నోరు మూసుకుని ఉందన్నమాట. రూడీ దగ్గరికి వచ్చే కార్లలో ముందు మీటలు చూస్తాడట, వాటిని ముట్టుకోకుండా. నేను సీట్లు చూసినట్టే.

"స్పీకర్లకి ఏ రోగం లేదండీ. నేను కూర్చుని విన్నాను, మాట మాటా తెలుస్తోంది. ఈయన అడిగినంత మోత పెట్టాననుకోండి, అద్దాలు ఊడొస్తాయి, ఆ తర్వాత మీ చెవులు కూడా పోతాయి. అప్పుడు ఇక ఇద్దరికీ గొడవ ఉండదు."

నవ్వాలని అన్నాడు. నేను నవ్వాను కూడా. ఇంటికి వచ్చి బల్ల మీద ఆ నలిగిన గట్టు చూశాను. నువ్వు ఒరిగింది నా వైపు కాదు, నా మాట వైపు. ఎడమ కిటికీ గాలి నీకు వినపడదు, కుడి చెవి నా నోటికి దగ్గరగా పెట్టుకుని నడిపావు. నాకు కొంచెం సిగ్గేసింది. అక్క మాట దాచుకున్నందుకు. ఆ పూట ఇంకేమీ కుట్టలేదు.

అత్తయ్యకి చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి గదా. ఆవిడ బంగాళాదుంపలు చెక్కుతోంది, చెయ్యి ఆపలేదు.

"వాడు వినడని నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. నువ్వూ చెబుతున్నావు. మనిద్దరం తిట్టాం అనుకున్నాం గానీ, ఉన్న మాటే అన్నాం."

ఆ తర్వాత ఇంకో రెండు దుంపలు చెక్కి, మొదట్లో వాడు నిజంగానే మొండివాడే, అది కూడా మర్చిపోకు అంది.

నేను లెక్క వేసుకున్నాను. చెబితే వినవు అని నిన్ను రోజుకి ఒక్కసారైనా అని ఉంటాను, నువ్వు ఇంట్లో ఉన్న రోజుల్లో. వంటింట్లోంచి పిలిస్తే పలకలేదని, పక్క గదిలోంచి అడిగితే జవాబు లేదని. ఒక శీతాకాలం మూడు రోజులు మాట్లాడ్డం మానేశాను, నీకు బుద్ధి రావాలని. నువ్వు ఆ మూడు రోజులూ హాయిగా ఉన్నావు. అసలు గమనించావో లేదో. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే విసుగ్గా ఉంది. ఇది క్షమాపణ అనుకో.

సరే, కారులో ఏం పెట్టామో చెబుతాను. డిక్కీలో పన్నెండంగుళాలవి లేవు. ఎంత పడితే అంత ఆంప్లిఫయర్ కూడా లేదు. తలుపుల్లో రెండు, వెనక రెండు ఉన్నాయి, మంచివే. అసలు సంగతి సీట్లో ఉంది. రూడీ దగ్గర గుండ్రటి పళ్ళెం లాంటి పరికరం ఒకటి ఉంది. శబ్దం చెయ్యదు, పాటలో బరువు శబ్దం వచ్చినప్పుడల్లా వణుకుతుంది. అవి మూడు తెచ్చుకుని నీ సీటులో కుట్టేశాను. ఒకటి నడుము దగ్గర, ఒకటి తొడల కింద, ఒకటి కుడి గట్టులో. స్ప్రింగుకి తగిలితే కటకటలాడుతుంది, దూదిలో కూరుకుపోతే వణుకు చచ్చిపోతుంది. నాలుగుసార్లు విప్పి కుట్టాను. చివరికి పాత పద్ధతే పనికొచ్చింది. గోనెగుడ్డ రెండు పొరలు, వాటి మధ్య పరికరం, వంపు సూదితో చుట్టూ కుట్టు. రూడీ చూసి, ఇలా సీటు లోపల కుట్టినవాళ్ళని తను చూడలేదన్నాడు. అతను సామాన్యంగా మరమేకులతో బిగిస్తాడట.

పరీక్ష నేనే చేశాను. నీ పసుపు బిరడాల్లో ఒక జత విప్పి రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాను. నీ చోట కూర్చుని, మన పెళ్ళి విందులో వాయించిన పోల్కా పాటలే పెట్టమని రూడీకి చెప్పాను. అకార్డియన్ రాలేదు. పాడేవాడి మాట రాలేదు. డోలు మాత్రం వెన్నులోంచి వచ్చింది, దాని వెనక పెద్ద బాకా. కాసేపటికి ఏ పాటో తెలిసిపోయింది. రెండో చరణం ఎక్కడ మొదలవుతుందో కూడా తెలిసింది. రూడీ పెదవులు కదులుతున్నాయి, ఏమంటున్నాడో తెలియలేదు, తల ఊపాను. ఆ తర్వాత అర్థమైంది, నువ్వు రోజూ చేసేది ఇదేనని. తల ఊపడం.

మూడు పాటలు అయ్యేదాకా దిగలేదు. ఆ మూడు పాటలూ నాకు భయంగానే ఉంది.

ఇప్పుడు నీ ఉత్తరంలో మిగిలిన రెండు సంగతులు.

మొదటిది గంట. సూపీరియర్ సరస్సు మీద, సరుకు దించే కన్వేయర్ పట్టా కింద నువ్వు గ్రీజు పెడుతుంటే నీతో పని చేసే డెనిస్ వెనక నుంచి కాలర్ పట్టుకుని లాగాడనీ, చొక్కా చిరిగిందనీ, ఆ వెంటనే పట్టా కదిలిందనీ రాశావు. అతనిది మరీ కంగారు అన్నావు. పట్టా కదిలేముందు మోగాల్సిన గంట మోగలేదని నువ్వు ఫిర్యాదు రాయించావు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి గంటలో ఏ తప్పూ లేదన్నాడని కూడా నువ్వే రాశావు, వాడికి పని రాదని కలిపి. నవ్వించడానికి రాశావు. నేను నవ్వలేదు. ఈ మూడేళ్ళలో మన స్పీకర్ల గురించి నువ్వు అన్న మాటలూ, ఆ గంట గురించి అన్న మాటలూ పక్కపక్కన పెట్టి చూశాను. పేరు తప్ప ఒక్క అక్షరం తేడా లేదు.

మార్చిలో ఓడ ఎక్కేముందు చేసే చెవి పరీక్ష ఎలా గట్టెక్కుతావో నాకు తెలుసు. నీ తమ్ముడి పెళ్ళిలో నాలుగో గ్లాసు తర్వాత నువ్వే చెప్పావు. గాజు పలక అవతల నర్సు మీట నొక్కినప్పుడు ఆవిడ మోచెయ్యి కదులుతుంది, నువ్వు చెయ్యి ఎత్తుతావు. అందరం నవ్వాం. నేను కూడా. రూడీ చెప్పాక కూడా, కుడి చెవి బాగానే ఉంది గదా, ఒక్క చెవితో ఎంతమంది బతకడం లేదు అనుకున్నాను. ఇంకో రెండు సీజన్లు ఉంటే ఓడ మీద నీకు నలభై నిండుతాయి, ఆ ఇంజను దగ్గర నిన్ను చూసినవాళ్ళెవరూ నిన్ను ముందే దించమని అనరు. నేనూ అనలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

రెండోది హారన్. ఇదే ఆరు రోజులు నన్ను ఆపింది.

సెప్టెంబరు ఇరవై నాలుగున మీ ఓడ రాళ్ళ సరుకుతో నదిలోకి వస్తోందని తెలిసి, రూడీ దగ్గర కారు పూటకి అడిగి తెచ్చుకున్నాను. డ్రైవర్ సీటు తప్ప లోపల ఏమీ లేదు, కింద ఇనుప రేకు. ఎప్పటిలాగే వంతెన దాటాక పార్కు దగ్గర ఒడ్డున ఆపాను. మీ ఓడ వచ్చింది. నువ్వు వెనక డెక్ మీదకి వచ్చి నిలబడ్డావు. మన లెక్క ప్రకారం నేను హారన్ నొక్కాను, మూడు పొడుగు, రెండు పొట్టి. నువ్వు టోపీ తీసి ఊపావు. నేను చెయ్యి ఊపాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇంతే.

సోమవారం నీ ఉత్తరం విప్పితే అందులో ఇలా రాసి ఉంది. 'నీ హారన్ వంతెన దాకా వినపడింది రోజీ. మూడు పొడుగు, రెండు పొట్టి, ఒక్కటి తప్పలేదు. ఆ గొంతు ఏ కారుకీ లేదని చీఫ్‌తో చెప్పాను.'

నార్బ్, ఆ రోజు హారన్ మోగలేదు. రిలే రూడీ అరలో నీ పేరు రాసిన సంచిలో ఉంది. నేను ఆ సంగతి మర్చిపోయి నొక్కాను. మొదటి నొక్కుకే తెలిసింది. అయినా మిగిలిన నాలుగూ నొక్కాను, అలవాటు కొద్దీ. చుట్టూ బాతుల అరుపు తప్ప చప్పుడు లేదు. నువ్వు టోపీ ఊపితే, కారు చూసి ఊపాడులే అనుకున్నాను. ఉత్తరం వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

నువ్వు అబద్ధం రాశావని అనుకోవడం లేదు. అలా అనుకోగలిగితే నాకు తేలిగ్గా ఉండేది, తిట్టి ఊరుకునేదాన్ని. నీకు నిజంగానే వినపడి ఉంటుంది. ఒడ్డున పచ్చటి పాంటియాక్ కనిపించగానే ముప్పై ఒక్క ఏళ్ళ హారన్ లోపల మోగి ఉంటుంది. అదే నాకు భయం. లేని హారన్ విన్నవాడికి, ఉన్న గంట వినపడకపోతే తెలియదు. ఒక చెవి ఉందని నేననుకున్నాను, నువ్వూ అదే అనుకుంటున్నావు. కుడిది కూడా పోతోంది నార్బ్. నీకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

మీ చీఫ్ ఇంజనీరు హాల్వర్సన్ నంబరు నా దగ్గర ఉంది, క్రిస్మస్ కార్డు మీద వాళ్ళావిడ రాసింది. ఈ వారంలో రెండుసార్లు తిప్పి, మోగకముందే పెట్టేశాను. నీ వెనక నీ గురించి చెప్పడం నాకు ఇష్టం లేదు. నువ్వే చెప్పాలి. నవంబరు గాలులు మొదలయ్యేలోపు చెప్పాలి. నిన్ను ఒడ్డుకి దించేస్తారని నాకు తెలుసు. మర్యాదగానే దించుతారు, కాఫీ కప్పు మీద ఓడ బొమ్మ వేసి ఇస్తారు, నువ్వు దాన్ని ఎప్పటికీ వాడవు. నలభైకి రెండు తక్కువ అని నువ్వు చచ్చేదాకా గొణుగుతావు. గొణుగు. వినడానికి నాకు చెవులు ఉన్నాయి.

ఇంటికి వస్తే ఏం చేస్తావని అడుగుతావు. గరాజ్ కప్పు కారుతోంది, ముందే రాశాను. వంపు సూది పట్టుకోవడం నేర్పుతాను, నీ వేళ్ళు లావు గానీ ఓపిక ఉంది. సాగినాలో చెవుల డాక్టరు ఒకావిడ ఉందట, రూడీ వాళ్ళ నాన్నని చూసింది. పాటల పెట్టెలు అమర్చినాయన చెవులు, నీవాటికంటే ముందే పోయాయి. పరికరం పెట్టారట. ఇప్పుడు ఆయన తనకి ఇష్టం లేని మాటలు వచ్చినప్పుడు దాన్ని తీసి జేబులో వేసుకుంటాడని రూడీ చెప్పాడు. నువ్వు కూడా అదే చేస్తావు, నాకు తెలుసు. ఆ రోజున నిన్ను వినవు అని మళ్ళీ తిడతాను, ఈసారి న్యాయంగా.

ఈ ఉత్తరం డెట్రాయిట్ దగ్గర టపా పడవవాళ్ళు బకెట్‌లో వేసి మీ ఓడ మీదకి పంపేసరికి పదిహేనో తారీఖు అవుతుంది. ఇరవై రెండున, శనివారం, మీరు మళ్ళీ ఈ నదిలోకి వస్తున్నారు. వారం రోజులు నీకు చాలు.

నేను కారు తెచ్చుకుని అక్కడే ఉంటాను. పాలమీగడ సీట్లతో, అద్దాలు దించి. హారన్ బాగయింది గానీ నొక్కను. హెడ్‌లైట్లు వేస్తాను, మూడు పొడుగు, రెండు పొట్టి. అవి నీకు కనిపిస్తాయి, దాని గురించి మనిద్దరిలో ఎవరూ ఏదీ ఊహించుకోనక్కర్లేదు. చీఫ్‌కి చెప్పేసి ఉంటే టోపీ తీసి ఊపు. చెప్పకపోతే టోపీ తలమీదే ఉంచు, చేతులు రెయిలింగు మీదే ఉంచు. నేను కోప్పడను. ఇంటికి వెళ్ళి మూడోసారి ఆ నంబరు తిప్పుతాను, ఈసారి పెట్టెయ్యను. నీకు చెప్పకుండా చేశానని తర్వాత అనడానికి లేదు. ఇదే చెప్పడం.

కొత్త సీటు కుడి గట్టుని పాతదానికంటే గట్టిగా కట్టాను. నువ్వు ఒరుగుతావని తెలిసే కట్టాను. చెవి కోసమైనా సరే, ఒరిగింది ఇటే గదా. పాత గట్టుని పారెయ్యలేదు.

అత్తయ్య ఆశీస్సులు. ఉన్ని టోపీ పెట్టుకోమంటోంది.

ఇట్లు,
ఎప్పుడూ నీ కుడి పక్కనే కూర్చునే నీ భార్య,
రోజలీ